మెడ పక్కన బిళ్ళ, ఇంట్లో మర్యాద

ఇల్లాళ్ళకు నా సలహా ఒక్కటే. ఇంట్లో మర్యాద కావాలంటే నగలూ చీరలూ అడగకండి. మెడ పక్కన ఒక బిళ్ళ సంపాదించండి. చిక్కుడు గింజంత చాలు!

నాకొక మెడ ఉందని ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డాక్టరుగారు తడిమి చూసి, "లింఫు గ్రంథి వాచింది. క్యాన్సరేమో చూడాలి, అల్ట్రాసౌండ్ తీయించండి" అన్నారో లేదో, ఇల్లంతా నా మెడ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మావారు వంటింట్లోకి వచ్చారు. దారి తప్పి కాదు, కాఫీ పెట్టడానికి. "చక్కెర ఎక్కడోయ్?" అన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ అది ఉన్నచోటే ఉంది పాపం. అత్తగారు టీవీ సౌండు తగ్గించారు. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "అమ్మా, నువ్వు కళ్ళజోడు ఎప్పుడు మార్చావే?" అంది. ఏ సన్మాన సభలో దొరుకుతుందండీ ఇంత గౌరవం?

ఆడపడుచు ఫోను కూడా వచ్చింది. "ఏం కాదులే వదినా, మా పక్కింటావిడకీ ఇలాగే..." అని మొదలుపెట్టి, ఆవిడకు చివరికి ఏమైందో చెప్పకుండా మాట మార్చేసింది. ఎన్నడూ చూడని ఆ పక్కింటావిడ ఆ రోజంతా నా గొంతుకు అడ్డం పడి కూర్చుంది.

ఇక స్కానింగ్ గది. సగం చీకటి, చల్లటి ఏసీ, మెడ మీద అంతకన్నా చల్లటి జెల్. స్కాన్ చేసే డాక్టరమ్మ మెడ మీద పరికరం తిప్పుతూ ఒకచోట ఆగారు. ముందుకెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చారు. ముడత పోనిచోట ఇస్త్రీపెట్టె మళ్ళీ మళ్ళీ తిప్పుతామే, అలాగ. నాకప్పుడు దేవుడూ మోక్షమూ గుర్తు రాలేదు. పొద్దున నానబెట్టిన బట్టలు గుర్తొచ్చాయి. నేను లేకపోతే వాటినెవరు జాడిస్తారు?

"ఏదో ఒకటి మాట్లాడండి డాక్టరుగారూ, తిట్టినా సరే" అన్నాను.

ఆవిడ నవ్వి తెర నా వైపు తిప్పారు. "ఇదిగోనమ్మా, గింజలా కోలగా ఉంది. మధ్యలో తెల్లటి గీత ఉండాల్సినట్టే ఉంది. ఆ గీత పోయి, గోలీలా గుండ్రంగా తయారైతే అనుమానించి సూదితో పరీక్ష చేయించేవాళ్ళం. మీరు కంగారు పడాల్సిందేమీ లేదు. కొన్నాళ్ళాగి ఇంకోసారి చూద్దాం."

నన్నంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. అదీ లోపలి దాకా.

బయట మావారు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు. "ఏమన్నారు?"

నేను అబద్ధాలాడను. "ఇంకోసారి చూడాలన్నారు" అన్నాను. ఆయన నా చేతిలో సంచీ తీసుకుని, "మెల్లిగా నడువు" అన్నారు.

మిగతాది కాఫీ తాగాక చెబుదామని రోజూ అనుకుంటున్నాను. కాఫీ మాత్రం రోజురోజుకీ కుదురుతోంది.

ఇలా అచ్చులో పెడితే దొరికిపోవా అంటారా? నాకు కావలసిందీ అదే. వాళ్ళ కంగారుకు మందు ఇదిగో, ఇక్కడే ఉంది. నేను రాసింది మా ఇంట్లో ఒక్కరైనా చదవాలి, అంతే.