కారం బుల్లయ్య ఫ్లష్ ట్యాంకు

ఆ రోజు కార్యక్రమం చాలా సులువైనది. పొద్దున్నే ఇడ్లీలు తినడం, మొహిద్దీన్ బాషా కారెక్కడం, మధ్యాహ్నానికల్లా గుంటూరు రైతుల సంబరంలో కారం తినే పోటీకి కూర్చుని పర్చూరు పరువు నిలబెట్టడం. ఇందులో కష్టమైనదేదీ బుల్లయ్యకు కనిపించలేదు. ఊళ్ళో ఆయన్ని ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు లేరు. కారం బుల్లయ్య అని రాస్తే చాలు, పెళ్ళి శుభలేఖ తిన్నగా ఇంటికొస్తుంది. కొరివికారం పచ్చడిని పిల్లలు బెల్లం ముక్క తిన్నట్టు తినే మనిషి. కన్ను చెమర్చదు, ముక్కు కారదు.

ముందురోజు రాత్రి రిహార్సల్ కూడా అయింది. చిన్ననాటి స్నేహితుడు, మిర్చి వ్యాపారి అయిన బాషాని పక్కన కూర్చోబెట్టుకుని భార్య గురవమ్మ ఎవరి కంచంలో వాళ్ళకి వడ్డించిన కొరివికారాన్ని వేడి వేడి అన్నంలో కలిపాడు. బాషా నాలుగు ముద్దలకే తువ్వాలులో మొహం దాచుకున్నాడు. బుల్లయ్య కంచం ఊడ్చేసి, వేళ్ళు నాక్కుంటూ, "ఏంట్రా, ఇంత కమ్మగా ఉంటే ఏడుస్తావు?" అన్నాడు.

నిజానికి ఆ ఇంట్లో కారేది ఫ్లష్ ట్యాంకు ఒక్కటే. నెల రోజులుగా కమోడ్‌లోకి సన్నగా నీళ్ళు జారుతూనే ఉన్నాయి. రాత్రి మేడమీద ట్యాంకు నింపితే తెల్లారేసరికి ఖాళీ. ప్లంబర్ని మాత్రం గడప తొక్కనివ్వడు బుల్లయ్య. మందు కొట్టే స్ప్రేయర్లూ బోరు మోటార్లూ విప్పి బిగించిన చేతికి ఇదో లెక్కా అని తనే దిగాడు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు. ఎంసీల్ పూశాడు. లోపల ఓ ఇటుక పెట్టాడు. చేసిన ప్రతి వైద్యానికీ ధార కాస్త లావెక్కింది. చివరికి, "ఆ బటన్ ఎవరూ ముట్టుకోకండి, బకెట్‌తో పోసుకోండి" అని ఆర్డరేసి, ట్యాంకు బాగుపడిందని ప్రకటించాడు.

కొత్త కోడలు తేజశ్రీకి ఈ బాగు నచ్చలేదు. ఫోన్లో ఓ వీడియో చూసింది. ట్యాంకు నీళ్ళలో రంగు కలిపి కాసేపు వదిలేయాలి. ఎవరూ నొక్కకుండానే ఆ రంగు కమోడ్‌లోకి దిగిందంటే అడుగున రబ్బరు వాషరు పోయినట్టే. మామగారు గుంటూరు వెళ్ళి వచ్చేలోపు పని ముగించేస్తే పేచీ ఉండదు. మిఠాయి రంగు కోసం వంటిల్లంతా గాలించింది, దొరకలేదు. బియ్యం డబ్బా వెనకాల ఓ సీసాలో ఎర్రటి మెత్తటి కారప్పొడి కనిపించింది. అదే రెండు గరిటెలు ట్యాంకులో వేసి కలిపింది.

"ఏవండీ, నేనొచ్చేదాకా ఆ బాత్రూంలోకి ఎవర్నీ వెళ్ళనివ్వకండి" అని మొగుడు కోటేష్‌కి చెప్పి, వాషరు కొనడానికి స్కూటీ మీద బజారుకి వెళ్ళింది. కోటేష్ ఫోన్లోంచి తలెత్తకుండా "ఊ" అన్నాడు. ఆ "ఊ"కి విలువెంతో ఇంట్లో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన తేజశ్రీకి తప్ప.

ఆమె వీధి మలుపు తిరిగేసరికి బుల్లయ్య బాత్రూంలో ఉన్నాడు. పని ముగించుకుని లేచి, అలవాటు లేకపోయినా ఎందుకో వెనక్కి చూశాడు. కమోడంతా ఎర్రగా ఉంది. నెత్తురేమో అని గుండె ఝల్లుమంది. వంగి చూస్తే అంచున మెత్తటి పొడి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరప పండించిన కన్ను అది, పొరపాటు పడదు. అది కారమే. రాత్రి తిన్నది తిన్నట్టే దిగిపోయింది. అంటే లోపల పేగులన్నవి మిగల్లేదన్నమాట!

కళ్ళు మూసుకుని బకెట్ కుమ్మరించి, తలుపు లాగేసి బయటపడ్డాడు బుల్లయ్య. చావంటే భయమేసింది. అంతకన్నా, కారం బుల్లయ్యని కారమే మింగేసిందని పదిమందీ అనుకుంటారంటే సిగ్గేసింది. ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నాడు.

ఇంతలో బాషా వచ్చాడు. "ఏరా, రెడీయేనా? రాత్రి నీ పచ్చడి దెబ్బకి కడుపులో ఇంకా పొయ్యి మండుతోందిరా" అంటూ తిన్నగా బాత్రూంలో దూరాడు. ట్యాంకు తన పని తాను చేసుకుపోతూనే ఉంది కాబట్టి, వచ్చేటప్పుడు అతని మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఇద్దరూ ఇడ్లీల ముందు కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. గురవమ్మ కారప్పొడిలో నెయ్యి పోసింది. బుల్లయ్య కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "కాస్త పంచదారుంటే వెయ్యవే" అన్నాడు.

"నాక్కూడా చెల్లెమ్మా" అన్నాడు బాషా.

గురవమ్మ చేతిలో నేతిగిన్నె జారిపోయింది. ఆ ఇంట్లో ఇడ్లీల్లోకి పంచదార అడిగిన ఆఖరి మనిషి ఆమె మామగారు. ఆయన మర్నాడే పోయాడు.

"ఓరి నాయనో! ఈయన పంచదార అడుగుతున్నాడమ్మో!" అని ఆమె పెట్టిన కేకకి పక్కింటి ప్రేమమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే వీధంతా వచ్చింది. అంతమంది గుచ్చి గుచ్చి అడుగుతుంటే బుల్లయ్య ఒట్టు నిలవలేదు. "రాత్రి తిన్న కారం... తిన్నట్టే పోయిందే" అన్నాడు తల దించుకుని.

"నీకూనా!" అంటూ బాషా వచ్చి వాటేసుకున్నాడు. "నేనొక్కణ్ణే పోతున్నానేమో అనుకున్నాన్రా!"

"బాషా అన్నయ్యకంటే వస్తుందేమో గానీ, మీకెట్లా వస్తుందీ? మీకు రావడానికి వీల్లేదే!" అంది గురవమ్మ. ఆ గోలలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎందుకంటే ప్రేమమ్మ అప్పటికే కడుపు పట్టుకుంది. "వదినా, మొన్న నువ్విచ్చిన పచ్చడి మేమూ తిన్నాం కదే!" అంటూ బాత్రూంలోకి ఉరికింది. ఆమె అక్కణ్ణుంచి పెట్టిన కేకతో అనుమానాలన్నీ తీరిపోయాయి. ఈ ఏటి కొరివికారం గురవమ్మ వీధంతటికీ పంచింది. వీధంతా కడుపులు పట్టుకుంది. ఒకావిడ తన పచ్చడి జాడీ తెచ్చి గురవమ్మ కాళ్ళ దగ్గర పెట్టి, "మాకొద్దమ్మా తల్లీ" అంది. తన చేతి పచ్చడికి ఇంత మాట పడినందుకు గురవమ్మకి ఏడుపాగలేదు. కోటేష్ ఫోను ఆ ఇంటికి పనికొచ్చింది అప్పుడే. అంబులెన్సుని పిలిచాడు.

అంబులెన్సు వచ్చింది. బుల్లయ్య స్ట్రెచర్ మీద పడుకుని బాషా చెయ్యి పట్టుకున్నాడు. ఏ మిరపకాయకీ చెమర్చని కళ్ళు ఆ వేళ నిండాయి. "ఒరేయ్, పోటీలో నా పేరు కొట్టేయించరా. కారానికి భయపడి రాలేదని మాత్రం అననివ్వకు. ఆ పరువు నిలబెట్టు చాలు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే స్కూటీ దిగింది తేజశ్రీ. "అయ్యో, ఏమైంది?" అంది. నలుగురూ నాలుగు వైపుల నుంచి చెప్పారు. ఆమె చేతిలో వాషరు పొట్లంతో అలాగే నిలబడి, "మామయ్యగారూ, ఆ కారం మీది కాదండీ, ట్యాంకుది. లీకు ఎక్కడుందో చూద్దామని నేనే వేశాను. ఈయనకి చెప్పి మరీ వెళ్ళాను కదా" అంది.

అందరూ కోటేష్ వైపు చూశారు. కోటేష్ "ఊ" అన్నాడు.

వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. జాడీ తెచ్చినావిడ దాన్ని తీసుకుని చల్లగా జారుకుంది. బుల్లయ్య స్ట్రెచర్ మీంచి దూకి తొడ కొట్టాడు. "పదరా బాషా! నా పేగులు ఉక్కురా, ఉక్కు! ఇవాళ గుంటూరులో జాడీలు ఖాళీ!" ఎవరో బంతిపూల దండ తెచ్చి మెళ్ళో వేశారు. కుర్రాళ్ళు కారం బుల్లయ్యకి జై కొట్టారు. బుల్లయ్య చొక్కా మార్చుకోవడానికి లోపలికి నడిచాడు.

బాషా మాత్రం నవ్వడం లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆలోచిస్తున్నాడు. "అమ్మాయ్, రెండు గరిటెల కారమంటున్నావు. బకెట్ పోసినప్పుడు ఆ నీళ్ళు నా కాళ్ళ మీద బాగానే చిందాయి. మరి మండలేదేంటి? ఏదీ ఆ సీసా?"

తేజశ్రీ తెచ్చి ఇచ్చింది. బాషా వేలితో తీసి నాలిక మీద రాసుకున్నాడు. ఇంకాస్త తీసి చప్పరించాడు. పంచదార తిన్నంత ప్రశాంతంగా ఉన్నాడు. "ఇది మన కాయ కాదే. కర్ణాటక బ్యాడిగ. రంగే తప్ప ఘాటుండదు. ఎవరిది ఈ సీసా?"

"మామయ్యగారిదండీ. అత్తయ్య రోజూ ఆయనకి ఇందులోంచే వేస్తారు. పచ్చడి కూడా ఆయనకి దీంతోనే విడిగా కలుపుతారు" అంది తేజశ్రీ అమాయకంగా.

చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న బుల్లయ్య చెయ్యి ఆగిపోయింది. గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తెగించి అంది.

"ఆ ఏడు మీ కడుపులో పుండని డాక్టరు కారం మానెయ్యమన్నాడు. చావనైనా చస్తాను గానీ మాననన్నారు మీరు. ఏం చెయ్యను? బళ్ళారి అక్క చేత బ్యాడిగ తెప్పించి మీకు వేరే పెడుతున్నా. అప్పట్నుంచీ ఒక్కనాడన్నా కడుపునొప్పన్నారా? నాక్కావాల్సింది మీరండీ, మీ బిరుదు కాదు."

బుల్లయ్యకి కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ తన కంచాన్ని ఆవిడ ఇట్లా కాపలా కాసిందన్నమాట.

"నాకు నిప్పులు పోసి వీడికి కుంకుమ పెట్టావా చెల్లెమ్మా?" అన్నాడు బాషా బాధగా.

"నువ్వు అసలు సిసలు కారం కావాలన్నావు కదన్నయ్యా!"

బయట డప్పు కూడా మొదలైంది. జై కారం బుల్లయ్య అని అరుస్తున్నారు. బుల్లయ్య కిటికీలోంచి తొంగి చూశాడు. కడుపునొప్పి అని చెప్పే దారి పేగులు ఉక్కన్నప్పుడే మూసుకుపోయింది. గుంటూరులో పెట్టేది బ్యాడిగ కాదు. మెళ్ళో దండ బరువెక్కింది.

అంబులెన్సు వెనక్కి తిప్పుకుంటోంది. బుల్లయ్య పరుగున వెళ్ళి డ్రైవరు చెవిలో, "బాబ్బాబు, మీరూ గుంటూరు వైపేగా? మా కారు వెనకాలే మెల్లగా రాకూడదూ?" అన్నాడు.

"అట్లా రాకూడదండీ. అవసరమైతే ఫోన్ చెయ్యండి, వస్తాం" అన్నాడు డ్రైవరు.

"ఈయన నంబరు ఫీడ్ చేసుకో" అన్నాడు బుల్లయ్య కొడుకుతో. ఈసారి కోటేష్ "ఊ" అనలేదు, చేసుకున్నాడు.

డప్పులతో కారు కదిలింది. ఇంట్లో తేజశ్రీ ఫ్లష్ ట్యాంకు కిందున్న చిన్న పంపు కట్టేసి, ఇటుకా ట్యూబు ముక్కా తీసి పారేసి, బోరునీటికి గట్టిపడ్డ తెల్లటి పొర గీకి, కొత్త వాషరు బిగించింది. నీళ్ళు పైగొట్టం దాకా పోకుండా లోపల తేలే బంతిని కాస్త కిందికి దించి, చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు. కారులో బుల్లయ్యకి నుదుటి మీంచి చెమట ధారలు కట్టింది. నల్లకాలువ వంతెన దాటకముందే కళ్ళల్లో నీళ్ళు కూడా మొదలయ్యాయి.

ఆ వేళ ఆ ఇంటికి సంబంధించినంతవరకు, చుక్క కారకుండా నిబ్బరంగా నిలబడింది ఫ్లష్ ట్యాంకు ఒక్కటే.