సారుకు రాని వాసన

తెలంగాణ బంద్ రోజు పొద్దున్నే చైతన్యపురిలో ఓ జూనియర్ కాలేజీ షటర్ మోకాలెత్తు లేచింది. దాని కిందనుంచి కెమిస్ట్రీ లెక్చరర్ పట్టాభి, ల్యాబ్ అటెండర్ లింగస్వామి లోపలికి దూరారు. పది నిమిషాల పని. మర్నాడు పిల్లలకు కాలేజీ పెట్టే ప్రాక్టికల్ పరీక్ష. ప్రిన్సిపాల్ మెచ్చుకుంటాడని లింగస్వామి సీసాలన్నీ తోమితే, రెండింటి లేబుళ్లు నీళ్లలో కొట్టుకుపోయాయి. ఒకటి అనిలిన్, ఇంకోటి డైమిథైల్ అనిలిన్. ఏది ఏదో సాయంత్రంలోగా తేలకపోతే రేపటినుంచి రావద్దన్నాడు ప్రిన్సిపాల్.

“క్లోరోఫాం, ఆల్కహాల్ కలిపిన పొటాష్ వేసి వేడి చేస్తే ప్రైమరీ అమీన్, అంటే అనిలిన్, కంపు కొడుతుంది. రెండోది టెర్షరీ, కొట్టదు. అంతేనయ్యా,” అన్నాడు పట్టాభి, జలుబుతో దిబ్బడేసిన ముక్కు తుడుచుకుంటూ.

మొదటి సీసాలోంచి నాలుగు చుక్కలు తీసి వేడి చేశారు. లింగస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టాభి పరీక్షనాళికను ముక్కు దగ్గర ఊపుకున్నాడు.

“ఏం రాలేదు. ఇంకొంచెం పోయ్.”

పదిహేనేళ్ల కొలువులో సారు మాటకు ఎదురు చెప్పి ఎరగడు లింగస్వామి. పోశాడు.

“అబ్బే. ఇంకా.”

పోశాడు. రెండో సీసాకూ సారుది అదే మాట.

“రెండూ పాడైనట్టున్నాయి. పారబోసెయ్.”

లింగస్వామి సీసాలు ఎత్తాడు గానీ సింకు దాకా పోలేదు.

ఈలోగా కంపు మెయిన్ రోడ్డెక్కింది. పోలీసులు కొత్తరకం గ్యాస్ వదిలారని అటుగా వస్తున్న బంద్ ర్యాలీ అక్కడే బైఠాయించింది. ర్యాలీవాళ్లే ఏదో వదిలారని పోలీసులు వ్యాను వెనక్కి తీశారు. ఎదురు మేడమీది సైదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెప్పింది: “గ్యాసు లేదు పాడు లేదు బిడ్డా. గా కాలేజీల ఏదో ఉడకబెడుతున్నరు.”

షటర్ సర్రున లేచింది. ర్యాలీలోంచి ముక్కులకు కర్చీఫులు కట్టుకున్న నలుగురు వచ్చారు. ముందున్న సాయినాథ్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు.

“బంద్ నాడు కాలేజీ తెరుస్తరా? గీ కంపేంది?” అంటూనే కర్చీఫు దించి ఒకసారి పీల్చాడు. “ప్రైమరీ అమీన్. ఏ సీసాలది?”

“రెండింట్లోనూ వాసన రాలేదు బాబూ,” అన్నాడు పట్టాభి.

“గీ ఎడమ దాంట్లది,” అన్నాడు లింగస్వామి. “నాలుగు చుక్కలకే ఒచ్చింది.”

“మరి నాకు చెప్పవేమయ్యా?”

“మీరు రాలేదంటిరి గద సార్. నాకొచ్చిందని నేనెట్లంట?”

సాయినాథ్ నవ్వాపుకుంటూ రెండు చీటీలు రాసి సీసాలకు అతికించాడు. తర్వాత ఇద్దరినీ బయటికి నడిపించి షటర్ దించేశాడు.

మర్నాడు లింగస్వామి ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లలు వేడిచేసిన ప్రతి నాళికా ముందు అతని దగ్గరికే వచ్చింది. వాసన అతను చూశాడు, మార్కులు పట్టాభి వేశాడు.