మూసుకోని వాల్వు

ఆదివారం పొద్దున్నే కారుని మెకానిక్‌కి ఒకసారి చూపించి, శుభ్రంగా కడిగించి, సోమవారం కొత్త బ్యాచ్‌కి సిద్ధం చేయాలని మేనేజరుగారు అనుకున్నారు. డ్రైవింగ్ స్కూలు ఆయన భార్యది. పాఠాలు చెప్పేది ఆవిడే. స్కూలుకి ఉన్న ఒక్క కారు మంచిచెడ్డలు తను చూస్తున్నారు కాబట్టి, మేనేజరు అని ఆయనే పేరు పెట్టుకున్నారు.

వీధి మలుపు తిరగకముందే కారు వణికి ఆగిపోయింది. షెడ్డుదాకా తోసేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

మెకానిక్ ఇంజను విప్పి నిట్టూర్చాడు. "మళ్ళీ వాల్వే సార్. అంచు కాలిపోయింది."

"మళ్ళీనా! మొన్ననేగా కొత్తది వేశావు? నాసిరకం సామాను అంటగట్టావా ఏంటి?"

"సామాను మంచిదే సార్. అసలు ఎందుకు కాలుతోందో కొలిచి చూస్తా, కాస్త ఆగండి."

ఆగడం మేనేజరుగారికి చేతకాని పని. సామానుది తప్పు కాకపోతే, తప్పు నడిపేవాళ్ళది. పాత బ్యాచ్‌లో ఒక బ్యాంకు మేడం యాక్సిలరేటర్‌ని పగబట్టినట్టు తొక్కేది. వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీ కాలు కాస్త బరువు. మా వాల్వులు తట్టుకోలేకపోతున్నాయి."

అవతల ఫోన్ ఠక్కున పెట్టేశారు.

కాసేపటికి భార్య స్కూటరు మీద దూసుకొచ్చింది. "ఏవండీ! ఆవిణ్ణి ఏమన్నారు? రేపటి బ్యాచ్ మొత్తం ఆవిడ ఆఫీసువాళ్ళే. అందర్నీ ఎదురు స్కూలుకి తీసుకుపోతుందట! ఈ బ్యాచ్ పోతే బోర్డు పీకేసుకోవడమే!"

"మర్యాదగానే చెప్పానే!"

"కాలు బరువని చెప్పడం మర్యాదా?"

ఇంతలో మెకానిక్ తలెత్తాడు. "దొరికింది సార్. వాల్వు మీద వెంట్రుకంత సందు వదలాలి. వేడికి వాల్వు సాగుతుంది కదా, ఆ సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు. అక్కడ మంట దూరి అంచు కాలుతుంది. నేను వదిలిన సందుని ఎవరో బిగించేశారు."

"ఎవరో ఏంటయ్యా? నువ్వే బిగించి మాటలు చెప్తున్నావు!"

మెకానిక్ స్పానరు బల్ల మీద పెట్టేశాడు. "అయితే ఇంకెవరి చేతనైనా చేయించుకోండి సార్."

సరిగ్గా అప్పుడే, కూతురు ఆదరాబాదరాగా వెళ్ళడం చూసి కంగారుపడిన మామగారు చేతిసంచితో వచ్చారు. జీవితమంతా కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. "ఏం కంగారు లేదు అల్లుడుగారూ. ముందు బండి బిగించనివ్వండి. ఆ టిక్కుటిక్కు సంగతి ఎప్పట్లాగే నేను చూస్తా."

"ఎప్పట్లాగే అంటే?" అంది కూతురు.

"రిపేరై వచ్చిన ప్రతిసారీ టిక్కుటిక్కుమంటుంది కదమ్మా. మిషనన్నాక చప్పుడు చేస్తే ఎక్కడో వదులుందనేగా? చప్పుడు ఆగేదాకా బిగించేవాణ్ణి."

"నాన్నా! నీకెవరు చెప్పారు?"

"అల్లుడుగారే. చెవిలో పురుగు దూరినట్టుంది, ఎవరైనా ఆపితే బాగుండునని నా ముందే విసుక్కున్నారు. అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటానా?"

మెకానిక్ మేనేజరుగారి వైపు చూశాడు. భార్య చూసింది. తప్పు పట్టి చూడ్డానికి మేనేజరుగారికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

"ముందు ఈ మెకానిక్‌కి చెప్పండి క్షమాపణ," అంది భార్య స్కూటరు తాళాలు ఆయన చేతిలో పెడుతూ. "తర్వాత బ్యాంకు మేడంకి. ఫోన్‌లో కాదు, ఇంటికెళ్ళి. ఆ తర్వాత రేపటి బ్యాచ్‌లో ఒక్కొక్కళ్ళకీ."

మేనేజరుగారు క్షమాపణలు చెప్పుకుంటూ ఆఖరి గుమ్మం దిగేసరికి రేపటి బ్యాచూ నిలబడింది, కారూ బాగైపోయింది.