ఊరూరూ దాటిన గాలిపెట్టి

ఆ మంగళవారం పొద్దున్న అనుకున్న పని చాలా చిన్నది. గాలిపెట్టిని ఎడ్లకు కట్టి పనసగూడ పొలిమేర దాకా లాక్కెళ్ళి, అక్కడి రాయి దగ్గర వదిలేసి, వరహాలరావు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. అంతే. కానీ కొడుకు పెరట్లోకి వెళ్తేనే పాము ఉందేమోనని కర్ర పట్టుకుని వెంట నడిచే అచ్చియమ్మకు, చిన్న పనులంటూ లోకంలో లేవు.

గాలిపెట్టి అంటే గింజలు తూర్పారబట్టే మిషను. నాలుగు ఇనప చక్రాల మీద నిలువెత్తు చెక్కపెట్టె, లోపల రెక్కలు, పక్కన పిడి. పిడి తిప్పితే గాలి పుట్టి, పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. ఇలాంటివీ ఇనప నాగళ్ళూ అరకు సంతలో అమ్మమని విశాఖపట్నం కంపెనీ ఒకటి వరహాలరావును ఏజెంటుగా పెట్టుకుంది. పెట్టుకున్న కొన్నాళ్ళకే, కిందూళ్ళను ఊడ్చేసి పోయిందనుకున్న జ్వరం 1920 పుష్యమాసానికి మళ్ళీ లేచి ఈ కొండల మీద పడింది. సంత మూతపడింది. ఊరూరా దారికడ్డంగా ముళ్ళకంచెలు వేసి, పైవాళ్ళను పొలిమేర తొక్కనివ్వడం మానేశారు. దుకాణంలో నాగళ్ళు తుప్పు పట్టాయి. గాలిపెట్టిలో కోడి గుడ్లు పెట్టింది.

శుక్రవారం కంపెనీ ఇనస్పెక్టరు సత్యనారాయణ వస్తున్నాడు. ఒక్క మిషనైనా రైతుల చేతిలో కనిపించకపోతే ఏజెంటు పని ఊడుతుంది. ఊడితే వరహాలరావు మేనమామ దగ్గరికి రంగూను ఓడెక్కాలి. అచ్చియమ్మ సముద్రాన్ని జన్మలో ఒక్కసారే చూసింది. ఒకచోట కుదురుగా ఉండలేని దాని మీదికి కొడుకుని పంపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

మిగిలిన ఆశ ఒక్కటే, పనసగూడ ఊరిపెద్ద భీముడు. అతను ఊరి ముందు పారే గెడ్డకు, అంటే కొండవాగుకు, అవతల నిలబడి కేకలేసి మరీ బేరం ఖాయం చేశాడు.

"నువ్వు ఊర్లోకి రావద్దు బాబూ! రాయికాడ ఒగ్గీసి ఎల్లిపో. నువ్వు కనుమరుగయ్యాక మేం తోలుకుంతాం."

"ఎప్పుడు తెమ్మంటావు మావా?"

"నీకు ఈలైనప్పుడు తే. గాలిపెట్టిని నానెరగనా ఏటి? నీ దుకాణంలో సూసినాను గదా!"

అలా ఆ పొద్దున్న వరహాలరావు ఎడ్లను తోలుకొచ్చేసరికి, అచ్చియమ్మ గాలిపెట్టిని పసుపునీళ్ళతో కడుగుతోంది.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?"

"ఇది ఇజీనగరం మీదుగా వచ్చింది గదరా. దీని మీద ఎంతమంది జొరం సేతులు పడ్డాయో ఎవుడికెరుక?" అంటూ నాలుగు మూలలా వేపమండలు కట్టింది. మంచుకి చెక్క ఉబ్బిపోతుందని తన పసుపు కోక తెచ్చి కప్పింది. దారిలో కొడుకు తినడానికి కొత్తకుండలో పెరుగన్నం పెట్టింది. భీముడి పెళ్ళాం బాలింత అని గుర్తొచ్చి, నల్ల కోడిపెట్టను ఒకదాన్ని కాళ్ళు కట్టి పైన కూర్చోబెట్టింది.

"అమ్మా, నాను మిషను దింపడానికి ఎల్తన్నానా, పెళ్ళికెల్తన్నానా?"

"నోర్ముయ్యి. బేగెల్లి బేగి రా. కంచె ముట్టుకోకు. ఎవులితో మాటాడకు. ఆ ఊరి గాలి పీల్చకు."

"గాలి పీల్చకుండా ఎలాగే?"

"కొంచెం కొంచెం పీల్చు."

వరహాలరావు అలాగే వెళ్ళాడు. పొలిమేర రాయి దగ్గర గాలిపెట్టిని విప్పుతుండగా కంచె అవతల ఎవరో దగ్గారు. తల్లిని చూసి నవ్వాడే గాని, ఆమె భయాలన్నీ అతని రక్తంలోనూ ఉన్నాయి. పెరుగన్నం కుండ సంగతి మరిచి, ఎడ్లకంటే ముందు తానే పరుగెత్తాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ కొండల్లో జబ్బు తెచ్చే అమ్మోరు తల్లిని సాగనంపే పద్ధతి ఉంది. ఊళ్ళో జ్వరం పడితే చిన్న కర్రబండి చేసి, వేపమండలు కట్టి, పసుపు గుడ్డ కప్పి, పెరుగన్నం కుండా నల్లకోడీ పెట్టి, డప్పులతో పొరుగూరి పొలిమేరలో వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. ఆ ఊరివాళ్ళు తల్లి తమ ఇళ్ళ మధ్యకు రాకముందే తర్వాతి ఊరికి దాటిస్తారు. కింద మైదానం నుంచి వచ్చి ఏడాదైనా కాని అచ్చియమ్మకు ఇదేమీ తెలియదు. భయం కొద్దీ ఆమె అన్నీ అమర్చింది. డప్పులు మాత్రం పెట్టలేదు.

బుధవారం వరహాలరావు గెడ్డ ఒడ్డున నిలబడి చూశాడు. రాయి దగ్గర ఖాళీ. ప్రాణం లేచొచ్చింది.

"మావా! గాలిపెట్టి ఎలాగాడతంది?"

"గాలిపెట్టేటి? నువ్వు తెస్తే గదా!" అని అవతలి నుంచి భీముడు.

"నిన్ననే రాయికాడ పెట్టినాను గదా!"

"రాయికాడ మిషనూ నేదు, గిషనూ నేదు. ఎవులో అమ్మోర్ని ఒగ్గీసి పోనారు. సిన్న బండి కాదు బాబూ, ఇల్లంత బండి! వేపమండలు, పసుపు కోక, పెరుగన్నం, నల్లపెట్ట... అంత పెద్ద తల్లిని మా జనమం అంతట్లో సూడనేదు. ఊరంతా కలిసి డప్పుల్తో ఎగువూరికి దాటించీసినాం."

వరహాలరావు ఒడ్డునే చతికిలబడ్డాడు. "ఆ కోక మా యమ్మది మావా!"

భీముడు జాలిగా, "మీ యమ్మ కూడా అమ్మోరేటి?" అన్నాడు.

ఇంటికొచ్చి వరహాలరావు నిజం చెప్పలేదు. చెబితే తల్లి గుండె ఆగుతుందని, "బాగా ఆడతందమ్మా. పక్కూళ్ళోళ్ళు కూడా సూత్తామన్నారు, ఎల్లొస్తాను" అని రెండు జతల బట్టలు మూట కట్టుకుని బయల్దేరాడు. ఏ ఊరికి వెళ్ళినా ఒకటే మాట: వచ్చింది, దాటించేశాం. ఊళ్ళలోంచి దారి లేదు కనుక అతను ప్రతి కొండా చుట్టి రావాలి. గాలిపెట్టి మాత్రం జనం భుజాల బలంతో తిన్నగా పోతోంది. పోయిన ప్రతిచోటా దానికి మరో చీర, మరో కోడి, ఒక గాజుల దండ చేరుతున్నాయి.

లోయంతా తిరిగిన గాలిపెట్టి శుక్రవారం పొద్దుటికి ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది.

"అచ్చియమ్మొదినా! మన పొలిమేరలో ఎవులో అమ్మోర్ని ఒగ్గీసినారు!" అని పక్కింటి సోములమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి, సాగనంపే పద్ధతి అంతా వివరించింది.

అచ్చియమ్మ వెళ్ళి చూసింది. చీరల గుట్ట, వేపాకు పొద, గాజులు, జెండాలు, పైన కోళ్ళ సంత. కొడుకు ఏ క్షణాన ఆ దారినే వస్తాడో! వాడొచ్చి దీనికి ఎదురుపడితే?

"ఏటి సెయ్యాలే సోములమ్మా?"

"ఇంకేటి సేత్తాం? ఘాటీ దారంట కిందకి తోసీడమే."

పిల్లి అడ్డం వస్తే ఆ రోజుకి గడప దాటని అచ్చియమ్మ, కోక చెంగు నడుముకు బిగించి అందరికంటే ముందు భుజం పెట్టింది. ఆడవాళ్ళంతా కలిసి తోశారు. దారి పల్లం కావడంతో గాలిపెట్టి వాళ్ళను మించి పరుగందుకుంది. సరిగ్గా అప్పుడే మలుపులోంచి గుర్రబ్బండి మీద ఇనస్పెక్టరు సత్యనారాయణ వచ్చాడు.

"ఆపండే! ఆపండే!" అంటూ అచ్చియమ్మ వెంటపడి చేతికందింది పట్టుకుని లాగింది. అందింది పిడి. పిడి గిర్రున తిరిగింది. లోపలి రెక్కలు లేచి పసుపు, కుంకుమ, వేపాకు, కోడి ఈకలు అన్నీ కలిపి సత్యనారాయణ ముఖాన తూర్పారబట్టాయి. చీరలు ఒక్కొక్కటే ఎగిరిపోయి, అట్టడుగున అచ్చియమ్మ తన చేత్తో అతుకు వేసుకున్న పసుపు కోక బయటపడింది.

"ఓలమ్మో! నా కోక!"

మిషను దారి పక్క గట్టుకి ఆనుకుని ఆగింది. అటు నుంచి రొప్పుతూ వరహాలరావు, అమ్మోరు తల్లి మళ్ళీ వెనక్కి వస్తుందేమోనని అతని వెనకే దూరదూరంగా భీముడు, ఊళ్ళ పెద్దలు వచ్చారు. అందరూ మిషనుకు దండాలు పెట్టారు. అచ్చియమ్మ మాత్రం కొడుకు నుదురు తడిమి చూసి, "జొరం నేదు" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

సత్యనారాయణ కళ్ళు తుడుచుకుని ఆ గాజుల దండలను, దండాలు పెట్టే జనాన్ని మార్చి మార్చి చూశాడు. "ఇన్నేళ్ళుగా మిషన్లు అమ్ముతున్నానయ్యా. రైతులు తిట్టడమే చూశాను, ఊరేగించడం చూడలేదు" అని భీముడి వైపు తిరిగాడు. "ఎలా పని చేస్తోంది?"

భీముడు అబద్ధమాడే మనిషి కాదు. "అది మా ఊరు దాటిన కాణ్ణించీ కొత్తగా ఒక్కుడూ మంచం ఎక్కనేదు బాబూ."

ఇనస్పెక్టరుకి అర్థం కాలేదు గానీ, అమ్మకం అర్థమైంది. "అయితే ఇది తీసుకెళ్ళు మరి."

"అమ్మో! సాగనంపిన తల్లిని మళ్ళీ తెచ్చుకుంతామేటి? ఇది మాకొద్దు. కొత్తదొకటి పంపండి, రాయికాడ ఉంచుకుంతాం. మళ్ళీ జొరమొస్తే అప్పటికప్పుడు బండి ఎవుడు సేత్తాడు?" భీముడు అచ్చియమ్మకి చేతులెత్తాడు. "ఈ తల్లి సేత్తోనే కట్టి పంపాల."

వెనకున్న పెద్దలు కూడా, "మాకూ ఒకటి, మాకూ ఒకటి" అన్నారు. రంగూను ఓడ వరహాలరావు లేకుండానే వెళ్ళిపోయింది. అచ్చియమ్మకు మాత్రం, ఇన్ని వేపమండలు కోస్తే చెట్టు బతుకుతుందా అని కొత్త బెంగ పట్టుకుంది.

ఆ ఏడు లోయలో ప్రతి ఊరి పొలిమేరలోనూ ఒక గాలిపెట్టి నిలిచింది. గింజలు మాత్రం చేటలతోనే చెరిగారు.