డైనింగు టేబుల్ మీద సరస్సు

భూతద్దం గారు కెమెరా కొనాలనుకున్నది ప్రకృతి మీద ప్రేమతో కాదు. రోజూ సాయంత్రం భార్య ఫోన్ చేసి "ఇవాళ ఏం చేశారు?" అని అడిగితే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని.

ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాడు. కూరగాయలు కొన్నా సరే కంటికి ఆనించుకుని చూస్తేగాని నమ్మడు కాబట్టి దుకాణంలో వాళ్ళు ఆయనకా పేరు పెట్టారు. ఆవిడది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. పొద్దస్తమానం మైక్రోస్కోపులో కన్ను పెట్టి రక్తం చుక్కలు చూడడమే పని. ఇద్దరూ లోకాన్ని గాజులోంచి చూసేవాళ్ళే గాని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మాత్రం ఆదివారం రావాల్సిందే.

ఆ ఆదివారాలకీ ఎసరొచ్చింది. ఆవిడని పెద్ద పదవిలో కూర్చోబెట్టి, వేరే ఊళ్ళో కొత్తగా పెట్టిన ల్యాబ్ అప్పజెప్పారు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి దిగేంత దూరం. నెలకోసారి మించి రావడం కుదరదు. వెళ్ళాలా వద్దా అని ఆవిడ తటపటాయిస్తుంటే ఈయనే ముందుకొచ్చి ధైర్యం చెప్పాడు.

"నాకేం, చిన్నపిల్లాడినా? ఎన్నాళ్ళనుంచో కాస్త ప్రశాంతంగా ఉందామనుకుంటున్నాను."

ప్రశాంతంగా అనే మాట పట్టుకుని ఆవిడ మూతి ముడుచుకుంది. ఆ ముడుచుకున్న మూతితోనే పెట్టె సర్దుకుని రైలెక్కింది.

అన్నట్టే ప్రశాంతత వచ్చింది. వచ్చి, ఇంట్లో అన్ని గదుల్లోనూ కాళ్ళు చాపుకుని కూర్చుంది. గోడ గడియారం చప్పుడు చేస్తుందన్న సంగతి ఆయనకి మొట్టమొదటిసారి తెలిసింది. ఫ్రిజ్ ఉన్నట్టుండి గుర్రుమంటే "ఆఁ, వస్తున్నా" అని పలికేవాడు. అలవాటు కొద్దీ రెండు కప్పుల టీ కలిపి, రెండోది ఎవరికో తెలియక అదీ తనే తాగేవాడు. టీవీ పెడితే అందులో వాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రం ఫోన్ వచ్చేది. ఏం చేశారని ఆవిడ అడిగితే దుకాణానికి వెళ్ళానని చెప్పేవాడు. తర్వాత ఏం చేశారంటే, దుకాణం నుంచి వచ్చానని చెప్పేవాడు. అంతటితో ఆయన జీవిత విశేషాలు అయిపోయేవి. ఆ పైన ఇద్దరూ ఫోన్ చెవికి పెట్టుకుని గాలి చప్పుడు వింటూ కూర్చునేవారు. ఒకరోజు ఆ గాలి మధ్యలోంచి ఆవిడ మెల్లిగా అంది.

"పోనీ, వచ్చెయ్యనా?"

ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆవిడ కొత్త పదవి గుర్తొచ్చింది. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎంత కష్టపడిందో, ఎంతమంది కుర్రవాళ్ళకి పని నేర్పి వాళ్ళ కింద పని చెయ్యాల్సి వచ్చిందో ఆయనకి తెలుసు. తను డీలా పడ్డాడని పసిగడితే మర్నాడే రాజీనామా పడేసి రైలెక్కేస్తుంది. అందుకని గొంతు సవరించుకుని, తనకి క్షణం తీరిక లేదనీ, ఫోటోగ్రఫీ మొదలుపెట్టాననీ, కొండలూ కోనలూ అడవులూ తీద్దామని ఉందనీ చెప్పేశాడు.

"కెమెరా ఏదీ?"

"కొంటున్నా."

"ఫోన్లో ఉందిగా?"

"ఫోన్లో పడేది ప్రకృతి కాదోయ్. దాని పాస్‌పోర్టు ఫోటో."

"అయితే ముందు బ్యాంకులో బ్యాలెన్స్ చూసుకోండి. లెన్స్ సంగతి తర్వాత చూద్దురుగాని."

అలా నోరు జారినందుకు భూతద్దం గారు మెగాపిక్సెల్ అని పిలిచే ఒకాయన కొట్టుకి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు. ఏది అడిగినా ముందు మెగాపిక్సెళ్ళు చెప్పి తర్వాత నమస్కారం పెడతాడు. జేబుకి చిల్లు పడకుండా ప్రకృతిని పట్టుకునే కెమెరా కావాలని ఈయన అడిగాడు. మెగాపిక్సెల్ ముందు చంద్రుడి మీద మొటిమలు కూడా చూపించే జూమ్ కెమెరా తీశాడు. భూతద్దం గారు దాని అద్దాన్ని కంటికి ఆనించుకుని, పైపూత గీసుకుపోయిందని పక్కన పెట్టేశాడు. తర్వాత నల్లగా, బరువుగా, చూడగానే లేచి నిలబడాలనిపించే కెమెరా వచ్చింది. దాని ధర విని నిజంగానే లేచి నిలబడ్డాడు.

చివరికి మెగాపిక్సెల్ దాపరికం లేకుండా ఉన్నమాట చెప్పాడు. కొండ ఎక్కడికీ పారిపోదు కాబట్టి దాన్ని తియ్యడానికి వేగం ఉన్న కొత్త కెమెరా అక్కర్లేదు. నాలుగు తరాల వెనకటిదైనా సెన్సర్ కాస్త పెద్దదిగా ఉండి, వెడల్పుగా చూసే లెన్స్ ఒకటి, చేయి వణక్కుండా ఒక స్టాండు ఉంటే చాలు. అలాంటిదే ఒకటి అద్దాల బీరువాలోంచి తీసి తుడిచి చేతిలో పెట్టి, "ఇది రా కూడా తీస్తుంది" అన్నాడు.

"ఎవర్ని పట్టుకుని రా అంటున్నావ్?" అన్నాడు భూతద్దం గారు.

రా అంటే మెరుగులు దిద్దని పచ్చి ఫోటో అని నచ్చజెప్పేసరికి మెగాపిక్సెల్‌కి చెమటలు పట్టాయి. ఆ మర్యాద లోపానికి పరిహారంగా బేరం ఇంకాస్త తగ్గింది. స్టాండు కూడా కలిసొచ్చింది. దాని మూడు కాళ్ళలో ఒకటి నిలబెట్టగానే మెల్లిగా కిందికి జారి సాష్టాంగపడేది.

మొదటి సెలవురోజున ఆయన నిజంగానే కొండకి వెళ్ళాడు. బస్సు దిగి చూస్తే సగం కొండని కంకర మిషన్లు తినేశాయి, మిగతా సగాన్ని మంచు కప్పేసింది. చుట్టూ ఎవ్వరూ లేరు. ఇంట్లో ఒంటరితనానికి కనీసం గోడలున్నాయి, ఇక్కడ అవీ లేవు. గబగబా అన్ని వైపులా నొక్కి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ చిమ్మచీకటే. లెన్స్ మీద మూత తియ్యలేదు.

సాయంత్రం ఫోన్‌లో ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. కొండకి వెళ్ళారా, ఎలా ఉంది, ఫోటో పంపండి, ల్యాబ్‌లో అందరికీ చూపిస్తాను అంది. మూత తియ్యలేదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

వంటింట్లో కాలీఫ్లవర్ ఉంది. దాన్ని కాస్త దగ్గరగా, కిందనుంచి చూస్తే దట్టమైన అడవిలా ఉంటుందని ఆయనకి తోచింది. అంత దగ్గరికి ఆ లెన్స్ చూడలేదు. అయితే అక్కడే ఆయన చేతిపని అక్కరకొచ్చింది. ముసలివాళ్ళు పేపరు చదవడానికి వాడే ప్లస్ పవర్ అద్దం ఒకటి తెచ్చి లెన్స్ ముందు అంటించాడు. కాలీఫ్లవర్ మహారణ్యమైపోయింది. పక్కనే నీళ్ళు మరగబెడితే ఆవిరి పొగమంచులా పాకింది. నేల మీద బోర్లా పడుకుని నొక్కాడు.

"ఎంత బాగుందండీ" అంది ఆవిడ.

ఆ మాట విని చాలా రోజులైంది. దాంతో ఆయనకి పిచ్చి పట్టింది. పక్కన ఇల్లు కడుతున్న చోట మేస్త్రీని బతిమాలి సంచెడు ఇసుక తెచ్చి, డైనింగు టేబుల్ మీద ఎడారి పరిచాడు. గోధుమపిండి చల్లి మంచు కొండలు లేపాడు. ట్రేలో నీళ్ళు పోసి, కుండీలో మట్టి ఒడ్డుగా పేర్చి, నీలం దుప్పటిని వెనక ఆకాశంగా కట్టి, సరస్సు తవ్వాడు. తినడానికి టేబుల్ లేక ఆయన వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేవాడు. అయినా సాయంత్రం చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. సరస్సు దగ్గర గాలి ఎలా వీచిందో, పక్షులు ఏం కూశాయో చెప్తుంటే తనే నమ్మేవాడు.

సరస్సు ఫోటో చూసి ఆవిడ, ఒడ్డున ఆ నల్లటిది ఏమిటని అడిగింది. ఈయన ఫోటో పెద్దది చేసుకుని చూస్తే నిజమే, ఏదో ఉంది. దున్నపోతు నీళ్ళు తాగడానికి వచ్చిందని చెప్పాడు. "అలాగా" అని ఊరుకుంది ఆవిడ.

ఈ సంగతులన్నీ చూస్తున్న మనిషి ఒకావిడ ఉంది. పై అంతస్తులో ఉంటుంది, పేరు సీసీ కెమెరా. ఆ భవనంలో అప్పటిదాకా ఉన్న ఏకైక కెమెరా ఆవిడే. భూతద్దం గారు ఇసుక మోసుకుపోవడం, వంటింటి కిటికీలోంచి ఆవిరి రావడం, కాలీఫ్లవర్ పక్కన నేల మీద పడి ఉండడం చూసి ఒకసారి తలుపు తట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. అడవిలో ఉన్నానని చెప్పి తలుపేశాడు.

ఇంతలో పిడుగులాంటి ఫోన్ వచ్చింది. ఫోటోలు చూసి తమ పెద్ద డాక్టరు గారు మురిసిపోయారనీ, ఈ ఆదివారం ల్యాబ్ వాళ్ళందరూ వ్యాన్ కట్టుకుని వస్తున్నారనీ, సరస్సు దగ్గరికి తీసుకెళ్ళే బాధ్యత మీదేననీ ఆవిడ చెప్పింది.

భూతద్దం గారు దుకాణానికి సెలవు పెట్టి సరస్సు వెతకడానికి బయల్దేరాడు. బస్సు దారిలో సరస్సు స్టాప్ అని ఒకటుంది. దిగి చూస్తే అక్కడ టైల్స్ కొట్టు, దాని వెనక వరసగా అపార్ట్‌మెంట్లు. సరస్సు ఎటువైపని అడిగితే టైల్స్ కొట్టాయన తన కాళ్ళ కిందికి చూపించాడు.

ఆదివారం ఆవిడ దారిలోంచే ఫోన్ చేసింది. గత్యంతరం లేక సరస్సు ఎండిపోయిందని చెప్పాడు. మొన్న ఫోటోలో నిండుగా ఉందిగా అంటే, ఎండలు మండిపోతున్నాయన్నాడు. పోనీ అడవికి వెళ్దాం అంటే, జంతువులు పిల్లల్ని పెట్టే కాలమనీ, ఎవర్నీ రానివ్వడం లేదనీ అన్నాడు. మంచు కొండ మాటేమిటంటే కరిగిపోయిందన్నాడు.

"సరే, అయితే మనింటికే వస్తాం. అందరికీ టీ పెట్టండి" అంది ఆవిడ.

ఆయన టేబుల్ మీద పడ్డాడు. ఎడారిని చీపురుతో ఊడవబోతే మంచు కొండ లేచి కళ్ళలో పడింది. సరస్సుని ఎత్తబోతే ట్రే ఒరిగి నేలంతా వరదైపోయింది. కొట్టుకుపోతున్న అడవిని పట్టుకోబోయి స్టాండుని తన్నాడు. అది ఎప్పటిలాగే సాష్టాంగపడి ఆకాశాన్ని కూడా కిందికి లాక్కొచ్చింది. ఆయన నీలం దుప్పటి కింద చేతులు ఆడిస్తుండగా తలుపు తెరుచుకుంది.

దుప్పటి తీసి చూస్తే గుమ్మంలో ఆవిడ ఒక్కతే ఉంది.

"వ్యాన్ ఏదీ?"

"సరస్సు ఉన్నచోటే ఉంది."

ఆవిడ చెప్పులు విప్పి, నీళ్ళలో అడుగులు చూసుకుంటూ వచ్చి కూర్చుంది. మొహం నిండా పిండితో ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఎప్పటినుంచి తెలుసని అడిగాడు.

"మీ దున్నపోతుకి ఆరు కాళ్ళున్నాయండీ" అంది ఆవిడ. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిన్నవాటిని పెద్దవి చేసుకు చూసేదాన్ని, చీమని గుర్తుపట్టనా? ల్యాబ్‌లో అందరికీ దున్నపోతనే చెప్పి మీ పరువు కాపాడాను. వ్యాన్ అంటేనన్నా నిజం చెప్తారనుకున్నాను. మీరు కొండనే కరిగించేశారు."

ఆవిడ కింద పడ్డ కెమెరా తీసి, తుడిచి, లోపల ఏమున్నాయో ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టింది. ఆయన లాక్కోబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెయ్యి కుదరడానికి ఇంట్లో కదలని వస్తువుల్ని తీస్తూ ఉండమని మెగాపిక్సెల్ చెప్తే తీసినవి చాలా ఉన్నాయి అందులో. ఆవిడ కుర్చీ. దువ్వెనలో చిక్కుకున్న ఆవిడ వెంట్రుకలు. ముడతపడని సగం మంచం. కిటికీ పక్కన ఆవిడ టీ కప్పు, బోర్లించి ఉన్నది. ఒక్కొక్కటీ ఎన్నోసార్లు తీశాడు, పొద్దుటి వెలుగులో, మధ్యాహ్నం, సాయంత్రం.

ఆవిడ చాలాసేపు చూసింది.

"వీటిల్లో ఫోకస్ బాగా కుదిరింది" అంది చివరికి.

ఆ తర్వాత తన సంగతీ చెప్పింది. రోజూ స్నేహితురాళ్ళతో షికారు వెళ్తున్నానని ఫోన్‌లో చెప్పేదంతా ఉత్తిదే. గదికి వెళ్ళడం ఇష్టంలేక, కాపలాదారు తాళాలు పట్టుకుని వచ్చి నిలబడేదాకా ల్యాబ్‌లోనే కూర్చుంటోంది. ఉద్యోగం మాత్రం వదలనంది. ఆయనా వదలొద్దన్నాడు. అయితే నెలకోసారి నేనొస్తే, మధ్యలో ఇంకోసారి మీరు రావాలంది. దుకాణంలో సెలవు దొరకదని ఆయన నసిగాడు. ఆవిడ సంచిలోంచి ఆయన పేరు మీద రైలు టికెట్ తీసి టేబుల్ మీద, మిగిలిన ఎడారిలో పెట్టింది. ఆయన యజమానితో కిందటి వారమే మాట్లాడేసిందట. మనిషి మొహం చూస్తే రెండు వారాలు పంపేద్దామనిపిస్తోందని యజమానే అన్నాడట.

మర్నాడు ఆవిడని రైలెక్కించి వచ్చాడు. ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే ఉంది. సాయంత్రం పొయ్యి మీద కూర పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఏదో ఆలోచిస్తుంటే మాడిన వాసనొచ్చింది. గిన్నె అడుగున నల్లగా, ఎత్తుపల్లాలుగా, ఒకపక్క ఎర్రగా భలేగా మాడింది. ఫోటో తీసి పంపించాడు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఇది ఏ లోయ?" అంది ఆవిడ.

"లోయ కాదు. మన గిన్నె. కూర మాడిపోయింది." ఆగి, "ఏం తోచట్లేదు" అన్నాడు.

అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గోకితే గిన్నె పాడవుతుందనీ, నీళ్ళు పోసి నానబెట్టమనీ చెప్పింది. ఆయన నీళ్ళు పోశాడు. ఎంతసేపు నానాలని అడిగాడు.

"పొద్దుటిదాకా నాననివ్వండి."

"అయితే అది నానేదాకా ఫోన్ పెట్టెయ్యకు" అన్నాడు భూతద్దం గారు, స్టూలు లాక్కుని గిన్నె పక్కనే కూర్చుంటూ.