మామగారి పక్కా బైండింగు

పళ్ల డాక్టరు ఆ ఉదయం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిన్ తినడం, విమానం నేర్పే బడికి వెళ్లడం, గాల్లోకి ఎగరడం. ఆకాశంలో విమానం శబ్దం వినిపిస్తే చాలు, నోరు తెరిచిన రోగిని అలాగే వదిలేసి కిటికీ దగ్గరకు పరిగెత్తే మనిషికి అది తొలి పాఠం. ఈ ఒక్క రోజు కోసం ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

ఆ బడి మాస్టారిది ఒకటే పట్టు. విమానం నడిపే నిబంధనల పుస్తకం తాజాగా ఉండాలి. డాక్టరు ముచ్చటపడి పాత పుస్తకాల కొట్లో కొన్నదాన్ని ఆయన ముట్టుకోను కూడా లేదు. "నిబంధనలు మారిపోయాయండీ. దీన్ని నమ్ముకుంటే మనిద్దరం గోడ మీద ఫొటోలవుతాం" అన్నారు.

దాంతో డాక్టరు కొత్తది కొన్నాడు. అందులో కాగితాలన్నీ విడివిడిగా ఇనుప రింగులకు గుచ్చి ఉంటాయి. ఏదైనా మారినప్పుడు కొత్త పేజీలు పంపిస్తారు, పాతవి తీసి వాటిని పెట్టుకోవాలి. ముందురోజు సాయంత్రం ఆ పని శ్రద్ధగా ముగించి, పాత పేజీలు చెత్తబుట్టలో పడేసి హాయిగా నిద్రపోయాడు.

అయితే ఇంట్లో మామగారున్నారు. జన్మంతా పుస్తకాలు బైండు చేసి రిటైరైన మనిషి. విడి కాగితం కంటపడితే ఆయన చేతులు ఊరుకోవు.

టిఫిన్ ప్లేటు పక్కన గట్టి నల్లట్ట పుస్తకం ఒకటి కనబడింది.

"ఇదేంటి మామయ్యగారూ?"

"మీ పుస్తకమే అల్లుడుగారూ. పాపం, రింగులకి వేలాడుతోంది. కొన్ని కాగితాలైతే ఊడి చెత్తబుట్టలో పడ్డాయి. నంబర్లు చూసి ఎక్కడివక్కడ పెట్టి కుట్టేశాను. మీ మనవల కాలానికి కూడా ఊడదు."

"ఒక్కో నంబరుకి రెండేసి పేజీలు వచ్చుంటాయి కదండీ!"

"వచ్చాయి. అచ్చేసినవాళ్ల నిర్లక్ష్యం. మనకెందుకని రెండూ వేశాను."

డాక్టరు అట్ట పట్టుకుని లాగాడు, ఊడలేదు. "ఆవిరి పడితే జిగురు వదులుతుందండీ" అంటూ భార్య నీళ్లు మరిగించింది. జిగురు చెక్కుచెదరలేదు, పుస్తకం మాత్రం దిండులా ఉబ్బింది. పోనీ రింగులైనా ఏవని అడిగితే బాత్రూం తెర వైపు చూపించింది. "నాన్న తగిలించారు. బాగా జరుగుతోంది కూడా."

కుట్టు ముడులు ఎక్కడున్నాయో మామగారొక్కరికే తెలుసు. పాఠానికి వేళైపోవడంతో ఆయన్ని కూడా వెంటబెట్టుకుని బడికి పరిగెత్తాడు.

మాస్టారు పుస్తకం తెరిచారు. "దిగేటప్పటి వేగం ఈ పేజీలో ఒకటుంది, పక్క పేజీలో ఇంకోటుంది. దేన్ని నమ్ముతారు డాక్టరుగారూ?"

"బైండింగుని నమ్మొచ్చండీ" అన్నారు మామగారు.

"పాతవన్నీ తీసేదాకా మీరు విమానం ఎక్కడానికి వీల్లేదు."

"మరి ఇవాళ్టి పాఠం?" అన్నాడు డాక్టరు.

"ఇంజను ఆల్రెడీ వేడెక్కింది. ఖాళీ సీటుతో వెళ్లడం నాకు నచ్చదు." మాస్టారు మామగారి వైపు తిరిగారు. "పెద్దాయనా, మీరు నేర్చుకుంటారా, ఊరికే చూస్తారా?"

"చూస్తే చాలండీ."

"చూసేవాళ్లకి పుస్తకం అక్కర్లేదు. రండి."

ముడులెక్కడున్నాయో వేలుపెట్టి చూపించి మామగారు ఎక్కేశారు. డాక్టరు షెడ్డులో నేల మీద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పసాగాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. నెత్తి మీద విమానం శబ్దం వినబడగానే మాత్రం, అలవాటుకొద్దీ లేచి కిటికీ దగ్గరకు పరిగెత్తాడు.

దిగి వచ్చేసరికి మామగారి మొహం వెలిగిపోతోంది. అల్లుడి ఒళ్లో పేజీలు చూడగానే అది కాస్తా వాడిపోయింది.

"అయ్యో, మళ్లీ ఊడిపోయాయా? ఇలా ఇవ్వండి."

సూది ఆయన జేబులోనే ఉంది.