కుర్చీ, మంచినీళ్ళు

ఆ రోజు పొద్దున్న కంట్రోలర్‌గారు పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. టీ తాగడం, పరుపుల షాపులో ఇంటర్వ్యూకి వెళ్ళడం, ఉద్యోగంతో ఇంటికి రావడం. అందులో మొదటిదే బెడిసికొట్టింది. టీ ఉప్పగా ఉంది.

"ఇదేం టీ?" అన్నారాయన మొహం వికారంగా పెట్టి.

"నన్నడుగుతారేం? నిన్న డబ్బాలన్నీ పొడుగూ పొట్టీ చూసి వరసలో నిలబెట్టిందెవరు? పెళ్ళైనప్పట్నించీ పంచదార ఉన్న చోట ఇప్పుడు ఉప్పుంది," అంది ఆయన భార్య.

ఆయన బస్సు డిపోలో డ్యూటీలు వేసే కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో, ఏ బస్సు ఏ దారిన పోవాలో ఆయనే చెప్పేవారు. ఇప్పుడు బస్సులు లేవు, డబ్బాలే ఉన్నాయి. ఎదురుగా మనిషి ఖాళీగా నిలబడితే పని చెప్పకుండా ఉండలేరు. ఇంట్లో అలా కంటబడే మనిషి ఒక్కతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి అంతకన్నా మొండిది.

"ఇవాళ తాడో పేడో తేలిపోవాలి," అందావిడ. "ఉద్యోగం రాలేదో, రాత్రి బస్సుకి నేను మా చెల్లెలింటికి వెళ్ళిపోతా. మళ్ళీ ఎప్పుడొస్తావని అడక్కండి. మీరూ మీ డబ్బాలూ కాపురం చేసుకోండి."

ఆవిడ లేని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేనని ఆయనకి బాగా తెలుసు. ఆ మాట ఆవిడకి చెప్పడమే ఎన్నడూ చేతకాలేదు.

ఆయన ప్రయత్నించక కాదు. వెళ్ళిన ప్రతిచోటా "ప్రస్తుతం ఏం చేస్తున్నారు?" అనేవారు. "రిటైరయ్యానండి," అనేవారీయన ఛాతీ విరుచుకుని. అంతే, వెంటనే కుర్చీ వేసేవారు, మంచినీళ్ళు తెప్పించేవారు, మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేవారు. "హాయిగా ఇంటిపట్టున ఉండక ఈ వయసులో ఎందుకండీ శ్రమ?" అంటూ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవారు. మర్యాదకేం లోటు లేదు, ఉద్యోగానికే లోటు.

అందుకే భార్య మూడు షరతులు పెట్టింది. "రిటైరయ్యానని అనకండి. కుర్చీ వేస్తే కూర్చోకండి. మంచినీళ్ళిస్తే ముట్టుకోకండి."

ఆ షరతులు వల్లె వేసుకుంటూ ఆయన వెళ్ళేసరికి షాపు తెరిచే ఉంది గానీ షావుకారు రాలేదు. ఉన్న పనివాళ్ళు పోయిన వారమే మానేశారట. తాళం తీసిన వాచ్‌మన్ "కూర్చోండి, ఆయనొస్తారు," అని టీకి వెళ్ళిపోయాడు. ఉద్యోగానికి వచ్చిన కుర్రకారంతా గోడవార బెంచీ మీద కూర్చున్నారు. కంట్రోలర్‌గారు మాత్రం షరతు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డారు.

కళ్ళజోడు అమ్మాయి ఒకతె పరుగున వచ్చి, నెరిసిన జుట్టూ ఇస్త్రీ చొక్కా చూసి, "సారీ సార్, ఇంటర్వ్యూ అయిపోయిందా?" అంది.

"పదింటికి రమ్మంటే ఇదా రావడం? నీ కోసం బండి ఆగుతుందా?" అన్నారాయన. కావాలని అన్నది కాదు, నోటికి అలవాటైపోయిన మాట. బెంచీ మీది వాళ్ళంతా చటుక్కున లేచి నిలబడ్డారు.

ఇంతమంది ఖాళీగా ఎదురుగా నిలబడితే పాపం ఆయన మాత్రం ఏం చెయ్యగలరు? అంతలో పరుపుల లారీ వచ్చి ఆగింది. "ఎక్కడ దించమంటారు?" అన్నాడు డ్రైవరు ఆయన్నే చూసి. "నాకేం సంబంధం లేదు బాబూ," అందామనే నోరు తెరిచారు. తెరిచిన నోట్లోంచి "వెనక్కి, వెనక్కి, ఇంకొంచెం... ఆపు!" అని వచ్చింది. ఇక ఆగలేదు. "నువ్వు లారీ దగ్గర అందుకో. నువ్వు మెట్ల మీద ఉండు. అమ్మాయ్, కొనేవాళ్ళొచ్చారు, దూది పరుపులు చూపించు." అందరూ చెప్పినట్టే చేశారు. ఇంటర్వ్యూ అంటే ఇదే కాబోలనుకున్నారు.

సరిగ్గా అప్పుడొచ్చాడు షావుకారు. దారిలో స్కూటర్ మొరాయించింది. దాన్ని తోసుకుంటూ వచ్చి, నెత్తిన తువ్వాలుతో, చొక్కా నిండా నూనె మరకలతో, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అందరికన్నా ఆలస్యం నువ్వే!" అన్నారు కంట్రోలర్‌గారు. "పట్టు, ఇది మేడ మీదికి."

షావుకారు బదులు చెప్పేలోపే నెత్తి మీద పరుపు పడింది. దాని కిందనుంచి ఆయన ఏమన్నాడో ఎవరికీ వినిపించలేదు. వెనకనుంచి ఇంకో పరుపు తోసుకొస్తోంది, మెట్లెక్కక తప్పలేదు. దించి వస్తే మరోటి సిద్ధంగా ఉంది. "అది కాదయ్యా, నేను..." అన్నాడు.

"మాట్లాడుతూ మొయ్యకు, ఆయాసమొస్తుంది," అన్నారు కంట్రోలర్‌గారు దయగా.

రెండో పరుపుతో పైకెళ్ళిన మనిషి మళ్ళీ దిగలేదు. పారిపోయాడేమోనని వెళ్ళి చూస్తే, కొత్త పరుపు మీద అడ్డంగా పడి గుర్రుపెడుతున్నాడు. "ఇలాంటివాళ్ళు ఉద్యోగానికేం పనికొస్తారు!" అనుకుంటూ కంట్రోలర్‌గారు కిందికొచ్చేశారు.

ఎట్టకేలకు వాచ్‌మన్ టీ ముగించుకొచ్చాడు. "షావుకారుగారి స్కూటర్ బయటుంది. ఆయనేరీ?" అన్నాడు.

అందరూ మెట్ల వైపు చూశారు. కళ్ళు నులుముకుంటూ షావుకారు దిగి వస్తున్నాడు. "నిద్ర లేచారా అయ్యగారూ?" అని వాచ్‌మన్ దణ్ణం పెట్టేసరికి తను పరుపులు మోయించింది ఎవరిచేతో కంట్రోలర్‌గారికి అర్థమైంది. షావుకారు షాపంతా కలయజూశాడు. లారీ ఖాళీ అయిపోయింది. పరుపులు పొడుగూ పొట్టీ చూసి వరసలో ఉన్నాయి. కళ్ళజోడు అమ్మాయి చుట్టూ కొనేవాళ్ళు మూగి ఉన్నారు.

"ఎవరయ్యా నువ్వు? ప్రస్తుతం ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. రాత్రి బస్సు, అందులో కిటికీ పక్కన భార్య, కంట్రోలర్‌గారి కళ్ళ ముందు మెదిలారు. ఆయన తానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తానే మంచినీళ్ళు అడిగి తాగారు. "రిటైరయ్యానండి," అన్నారు.

"రిటైరైనవాళ్ళని నేను తీసుకోను. అసలే పరుపుల షాపు, మధ్యాహ్నమైతే చాలు కునుకు తీస్తారు..." అంటూనే ఆగిపోయాడు షావుకారు. వయసులో ఆయన కంట్రోలర్‌గారికన్నా పెద్దవాడే. చెంప మీద పరుపు కుట్టు ముద్ర ఎర్రగా తేలి ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

షావుకారు చెంప తడుముకున్నాడు. "షాపు పెట్టాక పగటిపూట నిద్రపోవడం ఇదే మొదటిసారి," అన్నాడు మెల్లగా. "ఎంత హాయిగా ఉందనుకున్నారు! రేపట్నించి షాపు మీరే చూసుకోండి, ఆ కుర్చీ ఇక మీకే. నేనే రిటైరవుతా. ఒక్కటే మాట, రేప్పొద్దున నేనే వచ్చి పని అడిగినా ఇవ్వకండి." ఇవ్వనని కంట్రోలర్‌గారు మాటిచ్చారు.

ఆ సాయంత్రం కంట్రోలర్‌గారి భార్య సర్దుకున్న సంచీ విప్పేసింది. డబ్బాలు వేటి చోట్లకి అవి చేరుకున్నాయి.

"నువ్వు నిజంగా వెళ్ళిపోతావేమోనని హడలిపోయానే," అన్నారాయన టీ తాగుతూ.

"నాకు తెలుసు లెండి," అందావిడ.

నెల తిరక్కుండానే షావుకారు భార్య మొగుణ్ణి వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. "అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, ఈయనకేదైనా పని చూపించండి. వంటింట్లో డబ్బాలన్నీ వరసలో నిలబెట్టేశారు. పొద్దున్న ఉప్పు టీ తాగాం," అంది. వెనక షావుకారు తలొంచుకుని నిలబడ్డాడు.

కంట్రోలర్‌గారికి నిజంగానే జాలేసింది. కానీ ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. షావుకారుకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు.